మూరెడు తక్కువైన తాడు

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. దానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది. మా ఊర్లో రెండేళ్ల పాటు తిరిగిన ఒకే ఒక్క దయ్యం నేనే.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. ఏడో తరగతితో బడి మానేశాను. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. ఏం చేయాలో తోచక, గంజి పెట్టి ఆరేసిన తెల్ల పంచె ఒకటి నెత్తిన కప్పుకుని సందేళ చింతతోపులో నిలబడేవాణ్ణి. జనం పరుగులు చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. చివరికి మా అన్న కనిపెట్టాడు. పంచె తీయనైనా తీయకుండా దగ్గరికొచ్చి చూసి, "గంజి సరిగ్గా పెట్టల్యారా, దయ్యానికి ముడతలు పడినాయి" అన్నాడు. ఇంటికి తీసుకుపోయాక చెప్పు తీసింది మాత్రం మా అమ్మ.

అందుకని ఎవరు దయ్యం కథ చెప్పినా, పంచె లోపల ఉన్నది ఎవరా అని చూడటం నాకు అలవాటు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లోనూ ఏడాదిగా చూస్తున్నాను. లోపల ఎవరూ కనపడటం లేదు.

నా పేరు ఓబులేసు. కర్నూలు పక్కన కల్లూరులో షేర్ ఆటో తోలుతాను. నా ఆటో ఎక్కినవాళ్లు మొహం ముడుచుకుని ఎక్కినా నవ్వుతూ దిగాలి, అది నా పద్ధతి. నా భార్య పద్మ. మాకు పిల్లలు లేరు. మా సొంతూరు కడప జిల్లాలో నేతపని చేసే ఊరు. అక్కడ మా అమ్మ, అన్న సుబ్బరాయుడు, వదిన లక్ష్మిదేవి, వాళ్ల కూతురు ఈశ్వరి ఉండేవాళ్లు. పాపకు పదకొండేళ్లు. మా కులదేవత చౌడేశ్వరి పేరే కుదించి పెట్టుకున్నాం.

మా అన్న ముడి గురించి ముందే చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

నేస్తున్నప్పుడు పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒకటి తెగితే, నేతగాడు రెండు కొనలూ దొరకబుచ్చుకుని ముడి వేస్తాడు. రెప్పపాటు పని. ఎవరు వేసినా ఒకటే తీరు. మా అన్నది మాత్రం వేరు. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పడి ఆయన ఎడమ చూపుడు వేలు పై కణుపు పోయింది. ఆ వేలు చేయాల్సిన పని నడిమి వేలితో చేసేవాడు. దాంతో ముడి ఎదురు తిరిగి పడేది. ఒక తోక గోరంత, ఇంకో తోక వేలంత. పొట్టి తోకను పళ్లతో కొరికేసేవాడు. పొడుగు తోకలన్నీ, చీర దింపినాక మా వదిన కత్తెర పట్టుకుని కూర్చుని ఒక్కొక్కటే కత్తిరించేది. మా వీధిలో ఎవరికి చూపించినా "ఇది సుబ్బరాయుడి ముడి" అని చెప్పేస్తారు. ఆయన పక్కన ఆరు నెలలు కూర్చుని పని నేర్చుకున్నవాణ్ణి, నాకు తెలియకుండా పోదు.

ఏడాది కిందటి కార్తీకంలో ఒక మధ్యాహ్నం, మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడు. గుండె అన్నారు. చేతిలో తెగిన పోగు కొన ఉంది. ముడి పడలేదు. పాప పక్కనే రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. వదిన నీళ్ల బిందెతో వచ్చేసరికి రాట్నం ఇంకా తిరుగుతూనే ఉందట.

పాప ఏడవలేదు. శవాన్ని ఎత్తినప్పుడూ ఏడవలేదు, పెద్దకర్మ రోజూ ఏడవలేదు. పెడితే తినేది. పడుకోమంటే పడుకునేది. అడిగితే ఊ, ఊహూ. మిగతా వేళంతా మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చునేది. తిప్పేది కాదు. కూర్చునేది, అంతే.

నేను చేయగలిగింది నేను చేశాను. కోతిలా గెంతాను, మా అమ్మ నడకను అనుకరించాను, ఆటోలో వచ్చే ముసలాయన దగ్గు దగ్గాను. ఎంత మొండి మొహాన్నయినా నవ్వించగలనని నాకు గర్వం ఉండేది. పాప నావైపు చూసేది, గోడను చూసినట్టు.

మాలో ఒక పద్ధతి ఉంది. నేతగాడు పోతే మగ్గం మీద సగంలో ఉన్న బట్టను అలా వదలకూడదు. ఇంటివాడే ఎవడో ఒకడు కూర్చుని పూర్తి చేయాలి. ఇంటివాడంటే నేనే. రెండుసార్లు గుంతలోకి దిగాను. ఆ తెగిన పోగు కనపడగానే రెండుసార్లూ లేచి వచ్చేశాను.

ఇక మంచు సంగతి. బతికి ఉండగా అన్న ఫోన్లో పాపకు మంచు వీడియో ఒకటి చూపించాడు. కాళ్లకు పలకలు కట్టుకుని జనం కొండ మీంచి జారుతున్నారు. పాప, "అది పత్తి మాదిరి మెత్తగా ఉంటాదా నాయనా?" అని అడిగింది. "నాకేం తెలుసు, పోయి పట్టుకుని చూద్దాం" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. మా ఇద్దరితో కలిపి ఐదుగురికి జనవరి మొదటి వారానికి ఢిల్లీ రైలుకు రానూపోనూ రిజర్వేషన్ చేయించాడు. చేయించిన మూడో వారానికి పోయాడు.

ఇప్పుడెందుకు, మానేద్దాం అన్నాను. వదినే ఒప్పుకోలేదు.

"ఆయప్ప చూపిస్తా అన్న్యాడు. చూపియ్యకుండా పాయ. నువ్వన్నా చూపీ ఓబులేసూ. ఆ బిడ్డ నోరు తెరిస్తే సాలు."

అడ్డం వచ్చింది మా అమ్మ. ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా మావాళ్లు కొండ ఎక్కరు. అహోబిలం లేదు, శ్రీశైలం లేదు. ఎక్కితే పోయినవాడికి దారి కుదరదని, వెనకే వస్తాడని అంటారు. అమ్మ నేరుగా కులపెద్ద దగ్గరికి పోయింది. ఆయన చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"నిషేధం దేవుడి కొండకమ్మా. మంచు కొండ ఊసు పెద్దోళ్లు చెప్పల్యా. వాళ్లు యాడ చూసినారు మంచు?"

అమ్మకు సగమే తృప్తి. బయలుదేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పోండి గానీ కాలు పైకి పెట్టొద్దండి. ఎక్కొద్దండి" అంది.

"బస్సు ఎక్కుతాది లేమ్మా, మేం కూచోనుంటాం" అన్నాను.

"నీ పరాచికాలకు మన్ను బొయ్య. ఆ బిడ్డను జాగర్త."

కర్నూలు స్టేషన్లో ఎక్కాం. అన్న బెర్తు పక్క వరసలో కింది సీటు. దాన్ని రద్దు చేయమంటే వదిన వద్దంది. పాప ఎక్కగానే మా అన్న తువ్వాలు తీసి ఆ సీటు మీద పరిచింది, తాను కాళ్ల వైపు అంచున కూర్చుంది. టికెట్లు చూసే ఆయన వచ్చి ఐదో మనిషి ఏడని అడిగాడు. ఎవరేం అడిగినా తిరుగు జవాబు చెప్పే నోరు నాది. ఆ రోజు మాత్రం టికెట్లు తీసి చూపించాను, అంతే. పద్మే మెల్లగా చెప్పింది. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు పగలు ఎవరో పెద్దమనిషి ఖాళీగా ఉంది కదా అని తువ్వాలు పక్కకు జరపబోయాడు. పాప చెయ్యి అడ్డం పెట్టింది.

"మనిషుండాడు" అంది.

రెండు నెలల్లో ఆ బిడ్డ నోట నేను విన్న మొదటి పూర్తి మాట అది. ఆయన చుట్టూ చూసి ఇంకో పెట్టెలోకి పోయాడు. వదిన కిటికీ వైపు తిరిగింది. నాకు భయం వేయలేదు. ఏమీ వేయలేదు. అప్పటికే మా అందరికీ అలా ఉండేది, పంటి డాక్టరు సూది వేసిన చెంప లాగా. గిల్లితే చెయ్యి తెలుస్తుంది, చెంప తెలియదు.

ఢిల్లీ నుంచి బస్సులో మనాలి. మర్నాడు పొద్దున ఇంకా పైకి, జనం మంచులో జారే లోయకు. దారిలో అద్దెకిచ్చే కోట్లు వేసుకుంటే నలుగురం నాలుగు ఎలుగుబంట్ల లాగా తయారయ్యాం. పాప కోటు లోపల తండ్రి తువ్వాలు మెడకు చుట్టుకుంది. బస్సు దిగి మంచు మీద కాలు పెట్టింది. వంగి చేతిలోకి తీసుకుంది. "పత్తి మాదిరి ఉండాదా పాపా?" అని వదిన అడిగింది. పాప మంచును చూసింది, కింద పడేసింది, చెయ్యి తుడుచుకుంది.

అక్కడికి వచ్చింది దానికోసమే. అయిపోయింది.

ఆ పలకల మీద జారడం, అదే స్కీ, నేర్పే ఒకాయన దొరికాడు. స్థానికుడు, నెమ్మదస్తుడు. నా కర్నూలు ఉర్దూ విని, మీరు ఏ నవాబుగారి కాలం నుంచి వచ్చారని అడిగాడు. మాస్టరూ అని పిలిచేవాళ్లం. అందరికీ నేర్పే చోటు కొంచెం పైన ఉంది, తాడు పట్టుకుని యాభై అడుగులు ఎక్కాలి అన్నాడు. వదిన అక్కడే ఆగిపోయింది.

"ఎక్కేది వద్దు ఓబులేసూ. అత్తమ్మకు మాటిచ్చినాం."

ఇక్కడ నా తెలివి పని చేసింది. ఈ సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. రోడ్డు అంచు నుంచే కిందికి ఒక వాలు ఉంది. ఎవరూ లేరు. అక్కడ నేర్పమని మాస్టరుతో అన్నాను. వదినకు చెప్పాను: "ఈడ ఎక్కేదే ల్యాదు వదినా. అంతా దిగేదే." దిగిన తర్వాత మళ్లీ పైకి రావాలి కదా అని వదిన అడిగితే చెప్పడానికి ఒక జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను, అది ఎక్కడం కాదు, తిరిగి రావడం అని. వదిన అడగలేదు. ఎక్కకుండా మంచులో ఆడుకోవాలని వాలు వెతుక్కున్న కుటుంబం ఆ లోయలో మాది ఒక్కటే అయ్యుంటుంది. మాస్టరు నన్ను వింతగా చూశాడు, కానీ ఒప్పుకున్నాడు.

వాలు అడుగున, నూటయాభై అడుగుల దూరంలో, వరసగా గుంజలు పాతి పసుపు నైలాన్ తాడు కట్టి ఉంది. దాని అవతల గట్టు నిట్టనిలువుగా తెగి, కింద రాళ్ల వాగు. హద్దు దాటకుండా ఆ తాడు. నేను ముందే నడుచుకుంటూ పోయి చూశాను. రెండు గుంజల మధ్య తాడు తెగి ఉంది. కొనలు రెండూ మంచులో పడి ఉన్నాయి.

రెండు చేతులతో రెండు కొనలూ పట్టుకుని పైకెత్తి అరిచాను. "పోగు తెగిందప్పో! నేతగాళ్లు ఎవరన్నా ఉండారా?"

పద్మ పైనుంచి ఫోన్లో ఫోటో తీసింది. ఎవరూ నవ్వలేదు. అన్నాక నాకే తెలిసింది, ఎలాంటి మాట అన్నానో. సరే, నిజంగానే కట్టేద్దామని కొనలు లాగాను. ఎంత లాగినా కలవలేదు. మధ్యలో మూరెడు జాగా. గుంజలు గడ్డకట్టిన నేలలో కదల్లేదు. కొనలు అక్కడే పడేసి వచ్చేశాను. నేతగాడి కొడుకును నేను. తెగింది చూసి వదిలేసి రావడం అప్పటికే నాకు అలవాటైపోయింది. పైకొచ్చి మాస్టరుతో చెబితే, అంత కిందిదాకా జారనివ్వనులే అన్నాడు.

ఫోటో పద్మ ఫోన్లో ఇప్పటికీ ఉంది. తీసిన టైము పదకొండూ పది అని చూపిస్తుంది.

పాప మా అందరికన్నా ముందు నేర్చుకుంది. పలకల ముందు కొనలు దగ్గర పెట్టి మడమలు ఎడం చేస్తే ఆగిపోతాం. మాస్టరు రెండుసార్లు చూపిస్తే మూడోసారికి వచ్చేసింది. మగ్గం గుంతలో కాళ్లాడించే ఇంట్లో పుట్టిన బిడ్డ. పది అడుగులు జారడం, ఆగడం, పక్కకు అడుగులేసుకుంటూ పైకి రావడం. మొహంలో సంతోషం లేదు, విసుగూ లేదు. కండెలు చుట్టినట్టు చేసింది.

ఒంటిగంట దాటాక పొగమంచు వచ్చింది. మా వైపు పొగమంచు అంటే తెల్లవారి పొలాల మీద పల్చగా ఉంటుంది. అది అలాంటిది కాదు. లోయ కింది నుంచి గోడ లేచి వచ్చినట్టు వచ్చింది. సన్నగా మంచు రాలడం కూడా మొదలైంది. మాస్టరు ఇక చాలు అన్నాడు. వంగి పద్మ బూటు పట్టీ విప్పుతున్నాడు. పాప రోడ్డు అంచున పలకల మీద నిలబడి ఉంది.

నేను చూస్తూనే ఉన్నాను. పాప రెండు కాళ్లూ సమానంగా పెట్టింది. జారింది.

అరవలేదు. తూలలేదు. ఆపడానికి ప్రయత్నించలేదు. ఆపడం ఆ బిడ్డకు పొద్దునే వచ్చు. నిటారుగా నిలబడి, చేతులు పక్కన పెట్టుకుని తెల్లటి దాంట్లోకి పోయింది. మూడు లెక్కపెట్టేలోపు కనపడలేదు. కాలు జారిందా, తానే పోయిందా అని నేను ఇంతవరకూ అడగలేదు. అడగను.

"పాపా!" అని వదిన ఒక్క కేక పెట్టింది. మాస్టరు తల ఎత్తి, నాకు అర్థం కాని భాషలో ఏదో అని, కిందికి దూకాడు. నేను వెనకాల. నాకు అప్పుడు ఒక్కటే కనపడుతోంది. పసుపు తాడు కొనలు రెండూ, మధ్యలో మూరెడు జాగా. కాదు, కొనలు కింద పడి ఉన్నాయి కాబట్టి గుంజకు గుంజకు మధ్య మొత్తం జాగా. బండి పట్టేంత. దాని అవతల రాళ్లు.

మంచులో కాళ్లు మోకాళ్ల దాకా దిగబడుతున్నాయి. మాస్టరు ఈల వేస్తూ పోతున్నాడు, ఆగి వింటున్నాడు. జవాబు లేదు. ఏడుపు కూడా రాలేదు నాకు. ఇంటికి పోయి అమ్మకు ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. ఆ సమయంలో మనిషి అలాంటివి ఆలోచిస్తాడని నాకు తెలియదు. ఎంతసేపు దిగామో చెప్పలేను. పద్మ ఐదారు నిమిషాలే అంటుంది.

ముందు పసుపు రంగు కనపడింది. తర్వాత పాప.

గుంజల మధ్య, సరిగ్గా తెగిన చోట, నిలబడి ఉంది. తాడు అడ్డంగా పాప కడుపుకు తగిలి ఉంది. పలకల ముందు కొనలు తాడు కింద నుంచి అవతలికి పోయి, గట్టు అంచు దాటి గాలిలో ఉన్నాయి. చేతి తొడుగు ఒకటి తీసేసి, వట్టి చేత్తో తాడును ఒకచోట గుప్పిట్లో పట్టుకుని ఉంది.

మాస్టరు ముందు పాపను వెనక్కి లాగి పలకలు ఊడదీశాడు. పాప తాడు వదల్లేదు. నేను పక్కన కూలబడ్డాను. పాప నన్ను చూసి గుప్పిట తెరిచింది.

"చిన్నాయనా, చూడు."

ముడి ఉంది. నేతగాడి ముడి. ఎదురు తిరిగి పడింది. ఒక తోక గోరంత, కొన నలిగి చీలి ఉంది. ఇంకో తోక వేలంత, గాలికి ఊగుతోంది. తాడు బిగుతుగా కూడా లేదు. రెండు గుంజల మధ్య కొంచెం వేలాడుతూ, మగ్గం మీద సడలించిన పడుగు ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా ఉంది. పొద్దున మూరెడు తక్కువైన తాడు.

అప్పుడు పాప ఏడ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఊపిరి అందనంతగా. రెండు నెలల ఏడుపు. మాస్టరు దెబ్బ తగిలిందేమోనని కంగారుగా కాళ్లూ చేతులూ తడిమాడు. ఎక్కడా గీత కూడా లేదు.

వదిన, పద్మ ఒకరినొకరు పట్టుకుని దిగి వచ్చారు. వదిన పాపను ఒళ్లోకి లాక్కుంది. కాసేపటికి ఆమె కళ్లు తాడు మీద పడ్డాయి. నేను ఏమీ చెప్పలేదు. చెయ్యి చాచి ఆ పొడుగు తోకను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. పదమూడేళ్లు అలాంటి తోకలే కత్తిరించిన చెయ్యి.

"కత్తెర తేల్యా" అంది.

అంతే అంది. అప్పుడూ, ఆ తర్వాతా.

నా ఫోన్ తీసి ఫోటో తీయబోయాను. చలికి ఫోన్ చచ్చిపోయింది. పద్మ ఫోన్ పైన సంచిలో ఉంది. మాస్టరు పైకి పదండి, పొగమంచు ఇంకా దిగుతుంది అని తొందర పెట్టాడు. ముడి ఫోటో నా దగ్గర లేదు. ఇది విన్నవాళ్లు మొదట అడిగేది అదే.

ఇప్పుడు నా పని నేను చేయాలి. పంచె లోపల ఎవరున్నారో చూడాలి.

ఎవరో మధ్యలో వచ్చి కట్టి ఉండొచ్చు. మాస్టరు అదే అన్నాడు. సాయంత్రం నేను కోట్ల అంగడి వాళ్లను, గుర్రాలాయనను, టీ కాచే ఆమెను అడిగాను. కట్టామని ఎవరూ చెప్పలేదు. పొద్దున్నుంచీ ఆ వాలు పైన ఉన్నది మేమే. వాగు వైపు నుంచి ఎవరైనా రావచ్చు. తాడు దగ్గర మా అడుగులు తప్ప నాకు కనపడలేదు. కానీ సన్నగా మంచు రాలుతోంది, పూడిపోయి ఉండొచ్చు. అది కూడా ఒప్పుకోవాలి.

ఆ ప్రాంతంలోనూ మగ్గాలున్నాయి, శాలువాలు నేస్తారు. నేతగాడి ముడి వాళ్లకూ తెలుసు. చూపుడు వేలు కణుపు లేనివాడు వాళ్లలోనూ ఒకడు ఉండకూడదని ఏమీ లేదు.

పాపే కట్టి ఉండొచ్చని పద్మ ఒకసారి అంది. పాప కండెలు చుట్టేది గానీ ముడి వేయడం ఇంకా నేర్చుకోలేదు. వేయడం వచ్చనే అనుకుందాం. జారి వచ్చిన బిడ్డ ఆగింది తాడు అడ్డం ఉన్నందువల్ల. ఆగిన తర్వాత కట్టిందంటే, ఆపింది ఏమిటి?

తిరుగు ప్రయాణంలో మళ్లీ పక్క వరసలో కింది సీటు ఖాళీ. ఈసారి పాప తువ్వాలు పరచలేదు. రైలు ఢిల్లీ దాటాక కాళ్ల నొప్పులతో ఒక ముసలావిడ నిలబడి ఉంటే, పాపే పిలిచి కూర్చోమని సైగ చేసింది. నేను చూసి, "మనిషుండాడు అంటివే పాపా" అన్నాను. పరాచికంగానే అన్నాను.

పాప నా పక్కకు వచ్చి కూర్చుంది.

"నాయన ఉండమన్న్యాడు చిన్నాయనా."

"ఎప్పుడు పాపా?"

"ఆ పొద్దు. మగ్గం కాడ. పోగు తెగింది, ముడేసి వస్తా, ఈడనే ఉండు అన్న్యాడు. ముడేయల్యా. వాలిపోయినాడు. నేను ఉండా."

రెండు నెలలు ఆ బిడ్డ రాట్నం ముందు ఎందుకు కూర్చుందో మాలో ఎవరికీ తట్టలేదు. తండ్రి ఉండమన్నాడు, ఉంది.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు వేసినాడు గదా" అంది. చాలా మామూలుగా అంది. కాసేపటికి నా భుజం మీద నిద్రపోయింది. ముందు రోజు దాకా ఆ బిడ్డ ఎవరి మీదా వాలేది కాదు.

ఇంటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఎక్కినారా?"

"ల్యాదుమా. దిగినాం" అన్నాను.

పాప లోపలికి పోతూ నాయనమ్మతో, "జేజీ, మంచు పత్తి మాదిరి ల్యాదు, ఉప్పు మాదిరి ఉండాది" అంది. అమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు గుంతలోకి దిగాను. తెగిన పోగు అక్కడే ఉంది, ఎవరూ ముట్టలేదు. రెండు కొనలూ దొరకబుచ్చుకుని ముడి వేశాను. నా ముడి, అందరి ముడి లాంటిదే. పాప వచ్చి రాట్నం ముందు కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది. పదిరోజులకు చీర దిగింది. వదిన కత్తెర తెచ్చుకుంది. మొదటి సగంలోనే ఆమెకు పని దొరికింది. నా సగంలో కత్తిరించడానికి ఏమీ లేదు.

ఏడాది తిరిగింది. ఆటో తోలుతున్నాను, జనాన్ని నవ్విస్తున్నాను. దయ్యాలున్నాయా అని మీరు అడిగితే, లేవనే అంటాను. కొండ ఎక్కితే పోయినవాళ్లు వెనకే వస్తారని మా అమ్మ అంటే, మేం ఎక్కలేదు కదమ్మా అంటాను. జవాబులకు నాకు కొదవ లేదు.

కానీ పద్మ ఫోన్లో ఆ ఫోటో అప్పుడప్పుడూ తెరిచి చూస్తాను. పదకొండూ పది. మంచులో నేను వెకిలిగా నవ్వుతూ నిలబడి ఉన్నాను. ఈ చేతిలో ఒక కొన, ఆ చేతిలో ఒక కొన. రెండూ శక్తి కొద్దీ లాగి పట్టుకున్నాను. మధ్యలో మూరెడు జాగా, అవతల వాగు రాళ్లు కనపడుతున్నాయి.

ఫోటోను పెద్దది చేసి ఆ జాగానే చూస్తాను. ఎన్నిసార్లు చూసినా మూరెడే ఉంది.